బలరామ్ ఏ ఊరివాడు?

ఈ ఆదివారం టిఫిన్లయ్యాక ఇంట్లో పిల్లల్ని ఓ చిన్న ప్రశ్న అడిగి చూడండి. 'జపాన్ ఫుట్‌బాల్ ఆటగాడి పేరు ఒకటి చెప్పరా' అనండి. ఫోన్‌లో ఫుట్‌బాల్ గేమ్ ఆడే కుర్రాడైతే తడుముకోడు. కగావా అంటాడు, మితోమా అంటాడు, హోండా అంటాడు. 'హోండా అంటే మోటార్ సైకిల్ కదరా' అని మీరంటే, 'కాదు నాన్నా, మనిషే' అని నవ్వుతాడు కూడా. 2022 ప్రపంచ కప్పులో జర్మనీని, స్పెయిన్‌ను జపాన్ ఎలా మట్టి కరిపించిందో చేతులు తిప్పుకుంటూ చెబుతాడు.

ఇప్పుడు రెండో ప్రశ్న అడగండి. 'మన తెలుగు నేల మీద పుట్టి, ఒలింపిక్స్‌లో గోలు కొట్టిన ఫుట్‌బాల్ ఆటగాడి పేరు చెప్పు.'

కుర్రాడు మీ వైపు చూస్తాడు. మీరు పక్కనున్న పెద్దాయన వైపు చూస్తారు. పెద్దాయన పేపరు వైపు చూస్తాడు. అందుకే ఈ వారం పేపర్లో ఆ పేరు రాస్తున్నాం. తులసీదాస్ బలరామ్.

జపాన్ సంగతితో మొదలుపెట్టాం కాబట్టి ముందు జపాన్ లెక్కే చూద్దాం. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. భారత జట్టు మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయింది. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించింది. జపాన్ మీద కొట్టిన ఆ రెండు గోల్స్‌లో ఒకటి పీకే బెనర్జీది, రెండోది బలరామ్‌ది. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గట్టెక్కి, ఫైనల్లో అదే దక్షిణ కొరియాని 2-1తో ఓడించి మనవాళ్లు బంగారు పతకం మెడలో వేసుకున్నారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి బంగారం రావడం అదే ఆఖరు. ఇన్నేళ్లయినా మళ్లీ రాలేదు.

అవును, ఒకప్పుడు మనం జపాన్‌ను ఫుట్‌బాల్‌లో ఓడించేవాళ్లం. ఆ ఓడించినవాళ్లలో ఒకాయన సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టినవాడు.

బలరామ్‌ది పేద కుటుంబం. తల్లిదండ్రులు తమిళులు. కంటోన్మెంట్ ప్రాంతం కావడంతో చుట్టూ సైనికులు, రైల్వే కార్మికులు, వాళ్ల ఆటలు. 1936లో పుట్టిన ఈ కుర్రాడు బంతి వెంట పడుతూనే పెరిగాడు. అప్పటి హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్లి 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. ఆ జట్టు వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. అందరూ 'రహీమ్ సాబ్' అనేవారు. టీచరుగా పనిచేసిన ఆయన భారత జట్టుకి కూడా కోచ్. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో మనకి వచ్చిన రెండు ఆసియా బంగారాలూ ఆయన చేతి చలవే.

ఆ రహీమ్ సాబ్ కంట్లో బలరామ్ పడ్డారు. శిక్షణకి రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ రావాలంటే బస్సు ఛార్జీలకి డబ్బుల్లేవు. సైకిల్ మీద రమ్మంటే సైకిలూ లేదు. అద్దె సైకిల్‌కి డబ్బులు రహీమ్ సాబే ఇచ్చారని చెబుతారు. రోజూ అంత దూరం తొక్కుకుంటూ వచ్చి, ఆడి, మళ్లీ తొక్కుకుంటూ ఇంటికి. ఇప్పటి పిల్లలకి జిమ్ములో సైకిల్ తొక్కమంటే అరగంటకి ఆయాసం వస్తుంది. ఆయనకి ఆ సైకిలే జిమ్ము.

ఆ సైకిల్ ఎక్కడిదాకా తీసుకెళ్లిందో చూడండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి. అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు. ఆ జట్టులో నూర్ మహ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్... ఇలా హైదరాబాద్ వాసన గట్టిగానే ఉంది. ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి ఆ జట్టు సెమీస్‌కి చేరింది, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకంటే పైకి ఎప్పుడూ వెళ్లలేదు.

నాలుగేళ్ల తర్వాత రోమ్. అక్కడ మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీ అంటే అప్పట్లో పులి. ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది కూడా. దానితో 2-1 తేడాతో మాత్రమే ఓడాం. మన గోలు బలరామ్‌ది. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. ఆ గోలు పీకే బెనర్జీది. పెరూతో 3-1తో ఓడాం. మన ఒక్క గోలూ మళ్లీ బలరామ్‌దే. అంటే రోమ్‌లో భారత్ కొట్టిన మూడు గోల్స్‌లో రెండు ఆయన కాలి నుంచే వచ్చాయి.

ఇంకో లెక్క కూడా ఉంది. రోమ్ తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్ గడప తొక్కలేదు. పెరూ మీద బలరామ్ కొట్టిన ఆ గోలే ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ కొట్టిన చిట్టచివరి గోలు. అరవై ఏళ్లు దాటినా దాని తర్వాత ఇంకొకటి పడలేదు. క్విజ్ పోటీలకి వెళ్లే పిల్లలుంటే ఈ సంగతి రాసుకోమనండి.

ఇంత చేసిన మనిషి పేరు మనకెందుకు తెలీదు?

ఆ రోజుల్లో భారత జట్టు ముందు వరసలో ముగ్గురుండేవారు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్. 'త్రిమూర్తులు' అనేవారు. ఒకరు కుడి వైపు నుంచి దూసుకొస్తే, ఒకరు బంతిని కాలికి అతికించుకున్నట్టు నడిపిస్తే, ఎడమ వైపున బలరామ్. ఆయన అవసరమైతే మధ్యలోకి వచ్చి ఆడగలరు, తాను కొట్టగలరు, ఇంకొకరికి అందించగలరు. కలిసి ఆడినప్పుడు ముగ్గురూ సమానమే. ఎవరు గొప్ప అని వాదించుకోవడానికి కలకత్తా కాఫీ హోటళ్లలో సాయంత్రాలు చాలేవి కావట.

ఆట ఆగిపోయాక ఆ సమానం ఆగిపోయింది.

ముగ్గురికీ అర్జున అవార్డు మొదట్లోనే వచ్చింది. 1961లో పీకేకి, 1962లో బలరామ్‌కి, 1963లో చునీకి. ఇక్కడిదాకా మెట్లు ఒకటే. ఆ తర్వాత 1983లో చునీ గోస్వామికి పద్మశ్రీ, 1990లో పీకే బెనర్జీకి పద్మశ్రీ. 2004లో పీకేని ఫిఫా కూడా సత్కరించింది. చునీ బొమ్మతో 2020లో తపాలా బిళ్ల వచ్చింది. మూడో మూర్తికి పద్మశ్రీ రాలేదు. 2023 ఫిబ్రవరి 16న, ఎనభై ఆరేళ్ల వయసులో, కలకత్తా ఆస్పత్రిలో బలరామ్ కన్నుమూశారు. మన పేపర్లలో ఓ మూల చిన్న వార్త. చాలామంది ఆయన చనిపోయాకే ఆయన బతికున్నారని తెలుసుకున్నారు.

ఇందులో ఎవరినో తిట్టాల్సిన పని లేదు. పీకేకి, చునీకి దక్కినది అక్షరాలా వాళ్ల కష్టార్జితం. కానీ ఒకే పొలంలో, ఒకే విత్తనం, ఒకే వాన పడ్డ మూడు సాళ్లలో ఒక సాలు మాత్రం ఎందుకు ఎండింది అని పత్తి రైతు ఆలోచించడా? మనమూ అలాగే ఆలోచిద్దాం.

మొదటి కారణం ఆరోగ్యం. 1963 నాటికి బలరామ్‌కి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. డాక్టర్లు ఆట మానెయ్యమన్నారు. ఇరవై ఏడేళ్లకే బూట్లు విప్పేశారు. ఆటగాడికి అది నడినెత్తిన సూర్యుడుండే వయసు. అదే ఏడాది జూన్‌లో క్యాన్సర్‌తో రహీమ్ సాబ్ పోయారు. జకార్తా బంగారం వచ్చి ఏడాది కూడా తిరగలేదు. చేయిపట్టి తీసుకొచ్చిన గురువూ లేడు, చేతిలో ఆటా లేదు.

మిగతా ఇద్దరి సంగతి చూడండి. పీకే 1967 దాకా ఆడారు. ఆ తర్వాత కోచ్ అయ్యారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అనే రెండు పెద్ద క్లబ్బులకీ పనిచేసి కప్పుల మీద కప్పులు తెచ్చారు. అంటే ఆడటం మానేశాక కూడా ఇరవై ఏళ్లకు పైగా ఆయన పేరు స్పోర్ట్స్ పేజీ దిగలేదు. చునీ గోస్వామి జకార్తాలో కెప్టెన్. మోహన్ బగాన్ తప్ప ఇంకో పెద్ద క్లబ్బు చొక్కా తొడగలేదు. అందగాడు. పైగా క్రికెటరు కూడా! 1971-72 రంజీ ఫైనల్లో బెంగాల్ జట్టుకి కెప్టెన్‌గా దిగారు. ఒక ఆట మూతపడితే ఇంకో ఆట తలుపు తెరిచి ఉంది.

పేరు నిలబడటానికి బాగా ఆడితే చాలదు. ఆడాక కూడా జనం కళ్ల ముందు తిరుగుతూ ఉండాలి. బలరామ్ రైల్వే ఉద్యోగం చేసుకున్నారు, కొన్నాళ్లు సెలెక్టరుగా ఉన్నారు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో ఒంటరిగా జీవితం గడిపారు. పెళ్లి చేసుకోలేదు. 'మా నాన్న ఫలానా' అని చెప్పుకునే పిల్లలు కూడా లేరన్నమాట.

రెండో కారణం కాలం. ఆయన ఆడినప్పుడు టీవీ లేదు. రేడియో ఉంది, మర్నాడు పొద్దున పేపరు ఉంది. ఆ గోల్స్ చూద్దామన్నా మనకి దొరికేది పాత ఫొటోలే. 1983లో కపిల్ దేవ్ లార్డ్స్ బాల్కనీలో కప్పెత్తిన దృశ్యం వీధి వీధికీ చేరింది. ఆ తర్వాత మన గల్లీలన్నీ వికెట్లు పాతుకున్నాయి. ఆదోని పత్తి యార్డు పక్క ఖాళీ జాగా అయినా, ఎమ్మిగనూరు మగ్గాల వీధి చివర అయినా, ఇటుకలు పేర్చి వికెట్టు అనడమే. ఆ గాలిలో పాత ఫుట్‌బాల్ పేర్లు ఎగిరిపోయాయి.

మూడో కారణం మాత్రం మన ప్రాంతం వాళ్లకి చెప్పకుండానే అర్థమవుతుంది. బలరామ్ ఏ ఊరివాడు?

పుట్టింది సికింద్రాబాద్ దగ్గర. ఇంటి భాష తమిళం. ఆట నేర్పింది ఉర్దూ మాట్లాడే గురువు. 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకి వెళ్లి, 1961లో దానికి కెప్టెనై, కలకత్తా లీగ్ కప్పు అందించి, అక్కడే స్థిరపడి, అక్కడే పోయారు. హైదరాబాద్‌ని అడిగితే 'ఆయన కలకత్తా ఆటగాడు' అంటుంది. కలకత్తాని అడిగితే 'ఆయన హైదరాబాద్ నుంచి వచ్చాడు' అంటుంది. తమిళనాడుకి ఆయన ఆడిందే లేదు. ముగ్గురు చుట్టాలున్న ఇంట్లో భోజనానికి ఎవరూ పిలవనట్టయింది. ప్రతి ఒక్కరూ పక్కవాళ్లు పిలిచే ఉంటారనుకున్నారు.

ఆదోని వాళ్లకి ఇది కొత్తా? ఒకప్పుడు ఆదోని, ఆలూరు బళ్లారి జిల్లాలో ఉండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటొచ్చి కర్నూలులో కలిశాయి. ఇప్పటికీ మన బజార్లో ఒకే బేరంలో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ దొర్లుతాయి. పెళ్లిసంబంధాలు అటు, ఆస్పత్రులు అటు, ఆఫీసులు ఇటు. కర్నూలు వాళ్లకి మనం బళ్లారి యాస, బళ్లారి వాళ్లకి మనం ఆంధ్రోళ్లం. 'మీదే ఊరు?' అన్న ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేని జనం మనం.

ఇక సుగ్గి సంగతి చెప్పేదేముంది? వాన మొహం చాటేసిన ఏడాది ఈ పడమటి మండలాల్లో ఊళ్లకి ఊళ్లే మూటలు కడతాయి. గుంటూరు మిరప కోతలకి కొందరు, బెంగళూరు కట్టడం పనులకి కొందరు. వెంట పిల్లలు కూడా. బడిలో హాజరు పట్టీ నిండా ఖాళీలు. ఆ పిల్లల్లో పరుగందుకునేవాడు ఎవడో, బంతి తన్నేవాడు ఎవడో ఎవరు చూస్తారు? ఇక్కడి పీఈటీ సారు చూసేలోపు వాడు గుంటూరులో ఉంటాడు. అక్కడి సారు చూసేలోపు తిరిగి ఊళ్లో ఉంటాడు. బలరామ్‌ని కనీసం ఒక రహీమ్ సాబ్ చూశారు. చూసి, అద్దె సైకిల్‌కి డబ్బులిచ్చారు. వలసపోయే పిల్లాడికి కావలసింది కూడా అంతే. కాస్త చూసే కన్ను, ఒక సైకిల్ అద్దె.

ఇప్పుడు మళ్లీ జపాన్‌కి వెళ్దాం. ఎందుకంటే ఇదే కథ అక్కడ తిరగబడింది.

మియురా కజుయోషి అని ఓ ఆటగాడు. ముద్దుగా 'కజు' అంటారు. 1967లో పుట్టాడు. పదిహేనేళ్లకే ఒంటరిగా బ్రెజిల్ వెళ్లి ఆట నేర్చుకున్నాడు. 1993లో జపాన్‌లో జె-లీగ్ మొదలైనప్పుడు మొదటి ఏడాది ఉత్తమ ఆటగాడు అతనే. ఆ తర్వాత ఇటలీ వెళ్లి ఆడాడు. 1998లో జపాన్ మొదటిసారి ప్రపంచ కప్పుకి అర్హత సాధించింది. దేశమంతా కజు కోసం ఎదురుచూస్తుంటే, కోచ్ ఆఖరి జాబితాలో అతని పేరు కొట్టేశాడు. అంటే జపాన్‌లో అంత పేరున్న మనిషి ప్రపంచ కప్పులో ఒక్క నిమిషం కూడా ఆడలేదు.

అదే ప్రపంచ కప్పుతో నకాటా హిదెతోషి అనే కుర్రాడు వెలిగాడు. ఇటలీలో పెరుజా క్లబ్బుకి వెళ్లాడు, 2001లో రోమా జట్టుతో లీగ్ కప్పు గెలిచాడు, 2006 ప్రపంచ కప్పు కాగానే ఇరవై తొమ్మిదేళ్లకే ఆట మానేశాడు. ఐరోపా లెక్కలో చూస్తే కజు కంటే నకాటా చాలా పెద్ద ఆటగాడు. అయినా కజు పేరు చెరిగిపోలేదు. 2025లో, యాభై ఎనిమిదేళ్ల వయసులో కూడా చిన్న జట్టు తరఫున మైదానంలోకి దిగాడు. మన ఊళ్లో ఆ వయసులో ఉద్యోగి రిటైర్మెంటు సన్మానం శాలువా లెక్కేసుకుంటూ ఉంటాడు!

పతకాలు, కప్పులు లెక్కేస్తే వచ్చేది ఒక అంకె. జనం గుండెలో ఉండేది ఇంకో అంకె. రెండూ ఒకటి కావు. అయితే జనం గుండె దానంతటది గుర్తుపెట్టుకోదు. జపాన్‌లో పట్టణానికో క్లబ్బు ఉంది. ఆ క్లబ్బుకి ఆ ఊరి పేరే ఉంటుంది. తండ్రి కొడుకుని వెంటబెట్టుకుని ఆటకి వెళతాడు, దారిలో పాత ఆటగాళ్ల కథ చెబుతాడు. 1962లో మన చేతిలో ఓడిన జపాన్, ఆరేళ్లు తిరిగేసరికి 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆ పోటీల్లో ఏడు గోల్స్ కొట్టిన కమమోతో కునిషిగే 2025లో చనిపోయినప్పుడు, ఆ దేశంలో 'ఆయనెవరు' అని అడగాల్సిన పని ఎవరికీ రాలేదు. కమమోతో, బలరామ్ దాదాపు ఒకే తరం. ఒకరి కథ మాట్లాడుకునే ఇళ్లున్నాయి. ఇంకొకరి కథకి ఇల్లే లేదు.

హైదరాబాద్‌లో ఆ ఇల్లు ఎందుకు నిలవలేదో చెప్పుకోవాలి. రహీమ్ సాబ్ పోయాక, నేర్పించే పద్ధతి ఆయనతోనే పోయింది. యూసుఫ్ ఖాన్, హకీమ్ వంటి ఒలింపియన్లని కన్న నగరం మెల్లగా పోలీసు జట్టునీ, పాత మైదానాలనీ మర్చిపోయింది. ఇటీవలి కాలంలో హైదరాబాద్ ఎఫ్‌సీ అని ఓ క్లబ్బు వచ్చింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు కూడా గెలిచింది. 'అమ్మయ్య' అనుకునేలోపు 2025లో ఆ జట్టు పెట్టేబేడా సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. జట్లు కూడా సుగ్గికి పోతాయన్నమాట.

ఎమ్మిగనూరు వాళ్లకి ఇక్కడో సరదా సంగతి. జపాన్‌లో పుట్టి, మన దేశం తరఫున ఆడిన ఆటగాడు ఒకతను ఉన్నాడు. ఇజుమి అరాతా. తల్లి జపనీయురాలు, తండ్రి గుజరాతీ మూలాలున్నవాడు. ఇక్కడి క్లబ్బుల్లో ఆడుతూ, మన జట్టు చొక్కా తొడగాలన్న కోరికతో 2012లో భారత పౌరసత్వం తీసుకున్నాడు. రెండు పాస్‌పోర్టులు మన చట్టం ఒప్పుకోదు కాబట్టి జపాన్ పాస్‌పోర్టు వదులుకున్నాడు. 2013లో భారత జట్టుకి ఆడాడు. అతని భారతీయ పేరేమిటో తెలుసా? నీలకంఠ్. ఏటా జనవరిలో జాతర చేసుకునే మన నీలకంఠేశ్వరుడి పేరే! సునీల్ ఛెత్రీకి ఉన్న పేరులో ఇతనికి వీసమెత్తు లేదు. అయినా ఒక మనిషి, ఊరు తనని ఎంచుకునేదాకా ఆగకుండా, తనే ఊరిని ఎంచుకున్నాడు. అలాంటివాణ్ని మర్చిపోవడం మర్యాద కాదు.

ఊరు మనిషిని గుర్తుపెట్టుకుంటే ఎలా ఉంటుందో ఎమ్మిగనూరుకి వేరే చెప్పక్కర్లేదు. పద్మ అవార్డులు మొదలైన 1954లోనే ఆ ఊరి మాచాని సోమప్ప పద్మశ్రీ అందుకున్నారు. చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టిన మనిషి. ఆయన పేరు నిలిచింది అవార్డు వల్ల మాత్రమే కాదు. మగ్గం ముందు కూర్చున్న తాత మనవడికి చెప్పాడు, ఆ మనవడు తన కొడుక్కి చెప్పాడు. ప్రభుత్వం ఇచ్చే బిరుదు కాగితం మీద ఉంటుంది. ఊరు ఇచ్చేది నోటి మీద ఉంటుంది. బలరామ్‌కి మొదటిది సగమే దక్కింది, రెండోది అసలు దక్కలేదు.

2024 ఏప్రిల్‌లో రహీమ్ సాబ్ జీవితం మీద హిందీలో 'మైదాన్' సినిమా వచ్చింది. అజయ్ దేవగణ్ రహీమ్ వేషం వేశారు. తెర మీద జకార్తా ఫైనల్, త్రిమూర్తులు, అందరూ ఉన్నారు. అప్పటికి పీకే లేరు, చునీ లేరు. ఇద్దరూ 2020లో నెల తేడాతో వెళ్లిపోయారు. మూడో ఆయన బలరామ్ ఆ సినిమా విడుదలకి ఏడాది ముందే పోయారు. తన కుర్రతనాన్ని వెండితెర మీద చూసుకునే అవకాశం కూడా ఆయనకి కాస్తలో తప్పిపోయింది.

'ఇప్పుడేం చేద్దాం, విగ్రహం పెడదామా?' అని మీరడగొచ్చు. విగ్రహాలకి మన ఊళ్లలో కొదవ లేదు. కూడలి చాలక ట్రాఫిక్కే పక్కకి జరుగుతోంది. దానికంటే చిన్నవి, చేతనైనవి కొన్నున్నాయి.

బడుల్లో ఆటల పోటీలు పెట్టినప్పుడు కప్పుకి ఓ పేరు పెడతాం కదా, ఒక్క కప్పుకి ఈ పేరు పెట్టొచ్చు. జనరల్ నాలెడ్జ్ క్లాసులో ఒలింపిక్స్ అనగానే హాకీ దగ్గరే ఆగిపోకుండా 1956, 1960 అని ఇంకో రెండు అంకెలు బోర్డు మీద రాయొచ్చు. పక్కనే అనంతపురంలో ఆర్డీటీ సంస్థ పల్లె పిల్లలకి, అందులోనూ ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పించింది. కరువు జిల్లాలో బంతి దొర్లదని ఎవరన్నారు? బ్యాటు, ప్యాడ్లు, హెల్మెట్టు కొనాలంటే నాన్న జేబు చూసుకోవాలి. ఫుట్‌బాల్‌కి ఒక్క బంతి చాలు, ఇరవై ఇద్దరు ఆడుకుంటారు. పేదోడి ఆట కాబట్టే అమ్ముగూడ పిల్లాడు రోమ్ దాకా వెళ్లగలిగాడు.

అన్నిటికంటే చవకైనది ఇంకొకటి ఉంది. చెప్పడం. సుగ్గికి పోయి తిరిగొచ్చిన పిల్లాడు బడిలో వెనక బెంచీలో ముడుచుకుని కూర్చుంటాడు చూడండి, వాడికి చెప్పండి. ఏ ఊరివాడో తేల్చుకోలేని మనిషి కూడా దేశం తరఫున గోలు కొట్టాడని చెప్పండి. అద్దె సైకిల్ మీద వచ్చినవాడు ఒలింపిక్స్‌కి వెళ్లాడని చెప్పండి. జపాన్ జట్టు గోల్‌లో మన బంతి పడిన రోజు ఒకటుందని చెప్పండి.

పిల్లాడు ఎలాగూ అడుగుతాడు, 'ఆయనది ఏ ఊరు సార్?' అని.

'మనదే' అని చెప్పండి. అరవై ఏళ్లుగా ఆ మాట అనడానికి ఒక ఊరు కోసం ఆయన పేరు తిరుగుతూనే ఉంది.